మూడు వైపులా జిప్పు

ఆసుపత్రి గోదాములో కొత్త పరుపుల్ని గోడకి ఆనించి వరసగా నిలబెట్టారు. రెక్సిన్ వాసన గది నిండా కమ్ముకుంది. టేపు బాబాయ్ మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, మొహాన చిరాకు, మూడూ ఎప్పట్లాగే ఉన్నాయి. తనిఖీ గుమాస్తాగా ఆయన కొలవని వస్తువేదీ ఆ గోదాము గడప దాటి వార్డులకి వెళ్ళదు.

"పొడుగు సరిపోయింది. వెడల్పు సరిపోయింది. నొక్కి చూశాను, గుద్ది చూశాను, ఎవరూ లేనప్పుడు ఎక్కి పడుకుని కూడా చూశాను," అన్నాడాయన. "పరుపుకి వంక పెట్టడానికి లేదు. కానీ ఈ జిప్పేంటమ్మా?"

ఆసుపత్రికి కొనుగోళ్ళు చూసే ఆమె వంగి చూసింది. తాము ఖాయం చేసిన నమూనాలో కవరుకి కాళ్ళ వైపు, పొట్టి అంచున మాత్రమే జిప్పు ఉంటుంది. దిండుకి గలేబు తొడిగినట్టు తొడిగి మూసేయడమే. వీటికి మాత్రం జిప్పు ఒక పొడుగు అంచున తల దగ్గర మొదలై, కాళ్ళ వైపు మలుపు తిరిగి, రెండో పొడుగు అంచు వెంట మళ్ళీ తలదాకా పోయింది. లాగితే పెట్టె మూత తెరుచుకున్నట్టు కవరు పైభాగమంతా లేచి వచ్చింది.

"అన్నిటికీ ఇంతేనా?"

"అన్నిటికీ. పొరపాటున ఒక్కటి కూడా సరిగ్గా కుట్టలేదు."

ఆ ఆసుపత్రిలో ఏదైనా కావాలని అడగడానికి అందరికీ నోరుంది. డాక్టర్లు అడుగుతారు, నర్సులు అడుగుతారు, వంటగది వాళ్ళు రోజూ అడుగుతారు. కానీ ప్రభుత్వం తరఫున కొనే అధికారం ఒక్క సంతకానిదే, ఆ సంతకం ఆమెది. కొన్నదాన్ని కాస్త మార్చమనాలన్నా, బాగాలేదని తిప్పి పంపాలన్నా, కాంట్రాక్టు రద్దు చేయాలన్నా కూడా అదే సంతకం పడాలి. అందుకే అక్కడ ఆమెకి అసలు పేరు అరిగిపోయి 'సంతకం మేడమ్' అనేదే మిగిలింది. అధికారమిస్తూ పై ఆఫీసు ఇచ్చిన పత్రం ఆమె కుర్చీ వెనక గోడకి అద్దాల ఫ్రేములో వేలాడుతూ ఉంటుంది. లెక్కల మాస్టారైన ఆమె భర్త ఒకసారి అది పైనుంచి కింద దాకా చదివి, "ఏమోయ్, ఇది మన వీధి మలుపు దాకానే చెల్లుతుంది సుమా" అని నవ్వాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఇంట్లో చెల్లేది వదిన మాట. భర్తకి అక్క, ఈ ఆసుపత్రిలోనే మంచాన పడ్డవాళ్ళ వార్డుకి హెడ్ నర్సు.

"తిప్పి పంపేద్దామా?" అన్నాడు టేపు బాబాయ్.

"నోటీసిద్దాం. గడువులోగా నమూనా ప్రకారం సరిచేయాలి, లేకపోతే ఎందుకిలా చేశారో చెప్పాలి. రెండూ చేయకపోతే రద్దు."

రద్దు అనే మాట ఆమె తేలిగ్గా అనలేదు. ఒకచోట రద్దయిందంటే ఆ పేరు మిగతా ఆఫీసులన్నిటికీ పాకుతుంది. పెద్ద కంపెనీలైతే దులుపుకుని ఇంకో పేరుతో వస్తాయి. ఈ పరుపులావిడకి అంత లేదు. ఊరి చివర రేకుల షెడ్డులో తనూ తోడికోడలూ కలిసి కుట్టుకునే వ్యాపారం. సర్కారు పని దొరకడం ఇదే మొదలు.

* * *

నోటీసు అందగానే పరుపులావిడ వచ్చింది. గట్టి మనిషి, చూపుడువేలికి సూది పోట్లు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.

"తప్పు మాదే మేడమ్. చూసుకోకుండా కుట్టేశాం. విప్పి మళ్ళీ కుట్టిస్తాను."

"విప్పితే సూది చిల్లులుంటాయి కదా. చిల్లుల్లోంచి తడి దిగుతుంది. అప్పుడు అసలే పనికిరావు."

"అయితే కవర్లన్నీ తీసి పారేసి కొత్తవి కుడతాం."

"గడువులో అవుతుందా?"

ఆవిడ చేతుల వైపు చూసుకుంది. కాదని ఇద్దరికీ తెలుసు.

సంతకం మేడమ్‌కి ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అశ్రద్ధగా పనిచేసేవాళ్ళని ఆమె బోలెడుమందిని చూసింది. వాళ్ళు రెండు కుట్లు వేయాల్సిన చోట ఒకటి వేస్తారు. మంచి గుడ్డ చూపించి మామూలు గుడ్డ అంటగడతారు. అశ్రద్ధ చేసి, ఒక వైపు వేయాల్సిన జిప్పుని మూడు వైపులా వేసేవాళ్ళు ఎక్కడుంటారు? మలుపుల దగ్గర జిప్పు పళ్ళు తట్టుకోకుండా లోపల పట్టీ కూడా వేసి ఉంది. చూసుకోకుండా కుట్టిన కుట్టు కాదది.

"నిజం చెప్పమ్మా. ఎవరైనా ఇలా కుట్టమన్నారా?"

"ఎవరూ అనలేదు మేడమ్."

"మావాళ్ళెవరైనా?"

"మా బుర్రే అలా తిరిగింది."

ఆవిడ లేచి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. అబద్ధం చెప్పేవాళ్ళు సాధారణంగా తమ మీది నేరం ఎదుటివాళ్ళ మీదకి తోస్తారు. తన మీదకి లాక్కునే అబద్ధం ఆమె ఆ కుర్చీలో కూర్చుని వినడం అదే మొదలు.

* * *

వాళ్ళింట్లో ఒక నియమం ఉంది. భోజనాల దగ్గర ఎవరు ఆసుపత్రి మాటెత్తితే వాళ్ళు ఆ పూట గిన్నెలు తోమాలి. ఆడవాళ్ళిద్దరూ ఒకే చోట పనిచేయడం వల్ల అన్నం తింటున్నంతసేపూ సెలైను సీసాలు, జీతం బిల్లుల గోలే అవుతోందని మాస్టారు పెట్టిన నియమం. ఇన్నేళ్ళలో దాన్ని వదిన తప్పింది తక్కువ.

ఆ రాత్రి వదిన మంచి హుషారుగా ఉంది. తినడానికి కూర్చునేలోపే తమ్ముడు చొక్కా మార్చుకోవాలనీ, కిటికీ రెక్క మూయాలనీ, కూర గిన్నె ఇటువైపు కాదు అటువైపు ఉండాలనీ మూడు ఆజ్ఞలు జారీ చేసింది.

"గిన్నెలు నేనే తోముతాలే గానీ, అమ్మాయ్," అంది మరదలితో, "కొత్త పరుపులు గోదాములోకొచ్చాయటగా. నా వార్డుకెప్పుడు పంపిస్తావు?"

"ఇంకా తనిఖీలో ఉన్నాయి వదినా."

"ఆ టేపాయన కొలుస్తూ కూర్చుంటే నా పేషెంట్లు ముసలాళ్ళయిపోతారు. జిప్పు చూశావా ఎంత చక్కగా వచ్చిందో? మూడు వైపులా వేయమని ఆ పిల్లకి నేనే చెప్పాను."

ఆమె చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"మీరు చెప్పారా?"

"నేను చెప్పక ఇంకెవరు చెప్తారు? నమూనా చూపించడానికి వచ్చి వార్డులోకి తొంగి చూసింది. ఇదిగో ఇలా అయితే మాకు పని జరుగుతుంది, అలా అయితే జరగదు, ఇలా కుట్టు అన్నాను. సరే సిస్టరమ్మా అంది. ఎంత బుద్ధిమంతురాలో."

"వదినా, అలా చెప్పే అధికారం మీకు లేదు."

నోరు దాటాక గానీ ఆ మాట ఎంత బరువుగా ఉందో ఆమెకి తెలియలేదు. మాస్టారు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"లేదా?" అంది వదిన.

"ఆవిడతో ఒప్పందం చేసుకున్నది నేను. బజారులో అందరికీ అమ్మే పరుపునే ఉన్నదున్నట్టు కొంటున్నామని రాసుకున్నాం. అందులో చిన్న మార్పు కావాలన్నా నేను రాసివ్వాలి. మీరు నోటితో చెప్పిన మార్పుకి విలువ లేదు. ఇప్పుడు సరుకు నమూనాకి వేరుగా ఉందని నేను నోటీసిచ్చాను. సమాధానం లేకపోతే రద్దు చేయాలి."

"రద్దా! పిచ్చా నీకు? బాగా కుట్టినందుకా?"

"చెప్పినట్టు కుట్టనందుకు."

"నేను చెప్పినట్టు కుట్టింది కదా!"

"అదే వదినా చిక్కు."

వదిన కంచం ముందు నుంచి లేవలేదు గానీ మరి తినలేదు. "ముప్పై ఏళ్ళ నుంచి ఆ వార్డులో పేషెంటుని ఏ పక్కకి తిప్పాలో, ఎప్పుడు తిప్పాలో డాక్టర్లే నన్నడుగుతారు. నాకు జిప్పు మాట చెప్పే అధికారం లేదన్నమాట. సరే."

"మీరు చెప్పారని ఒక్క ముక్క రాసివ్వండి. ఆవిడ తప్పు లేదని తేలిపోతుంది. మిగతాది నేను చూసుకుంటాను."

"రాసిస్తే నాకేమవుతుంది?"

ఆమె దాచలేదు. "మెమో వస్తుంది."

మెమో అంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఆసుపత్రిలో నర్సులందరి మీదా ఉండే పెద్ద నర్సు కుర్చీ త్వరలో ఖాళీ అవుతోంది. వరసలో ముందున్నది వదినే. మెమో పడితే ఆ కుర్చీ పక్కకి జరుగుతుంది.

"నేనేం దొంగతనం చేశానా రాసివ్వడానికి?" అని వదిన లేచి, ఇచ్చిన మాట ప్రకారం గిన్నెలన్నీ తోమింది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు ఒకసారి బయటికొచ్చి చూశారు.

* * *

మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. వదిన కోప్పడితే బాగుండును, అలిగినా బాగుండును. ఆవిడ ఆజ్ఞలివ్వడం మానేసింది.

"అక్కా, కూరలో ఉప్పు చాలిందా చూడు."

"నాకా అధికారం లేదు నాయనా."

"అక్కా, వాన వచ్చేట్టుంది. గొడుగు పట్టుకెళ్ళనా?"

"ఎవరికుందో వాళ్ళనడుగు అధికారం."

మాస్టారు గొడుగు లేకుండా వెళ్ళి తడిసి తుమ్ముకుంటూ వచ్చాడు. భార్యని వంటింటి మూలకి లాక్కెళ్ళి, "నువ్వేదో నీ ఫ్రేములోంచి కాస్త అధికారం తీసి అక్కకివ్వవే, ఇంట్లో బతకలేకపోతున్నాను" అన్నాడు.

"అది ఇచ్చేది కాదండీ. ఇచ్చేదైతే ఎప్పుడో ఇచ్చేదాన్ని."

"మరి నీకు తెలిసింది కదా, అక్కే చెప్పిందని. నువ్వే రాసెయ్."

"అన్నం దగ్గర విన్నానని ఫైల్లో ఎలా రాయను? పైగా మా వదిన. నా వాళ్ళ కోసం కప్పిపుచ్చానంటారు, లేదా నా వాళ్ళని ఇరికించానంటారు. రెండోది కూడా అనేవాళ్ళున్నారు."

ఆమె పరుపులావిడ షెడ్డుకి వెళ్ళింది. వెళ్ళాల్సిన పని లేదు గానీ, కాంట్రాక్టరు పని ఎలా సాగుతోందో చూడటం కూడా తన బాధ్యతేనని తనకి తాను చెప్పుకుంది. షెడ్డులో తోడికోడలు మిషను మీద ఉంది. పరుపులావిడ నేల మీద కూర్చుని, పంపగా మిగిలిన కవర్లలో ఒకదాని కుట్టు బ్లేడుతో కోస్తోంది.

"హెడ్ నర్సు చెప్పిందని నాకెందుకు చెప్పలేదు?"

బ్లేడు ఆగింది. "మీకెవరు చెప్పారు మేడమ్?"

"ఆవిడే."

ఆవిడ బ్లేడు పక్కన పెట్టింది. "మా అమ్మ ఆ వార్డులోనే పోయింది. కూతురినై ఉండి నేనే ముక్కు మూసుకునే స్థితిలో, ఆ సిస్టరమ్మ చేతులు పెట్టి అమ్మ వీపు కడిగేది. కడుగుతూ అమ్మతో పరాచికాలాడేది. ఆవిడ మీదికి వేలు చూపించమంటారా నన్ను?"

"చూపించకపోతే నీ పని పోతుంది."

"అందుకే కోస్తున్నా కదా."

మిషను దగ్గర నుంచి తోడికోడలు అందుకుంది. "మా అక్కకి ఇదే జబ్బు మేడమ్. ఆ సిస్టరమ్మ అడిగితే కిడ్నీ అయినా కోసిచ్చేస్తుంది. అసలు ఆసుపత్రిలో తెల్లబట్టలేసుకుని గట్టిగా మాట్లాడినవాళ్ళంతా గవర్నమెంటే అనుకున్నాం మేము. ఎవరి మాట వినాలో ఎవరి మాట వినకూడదో మాకెవరు చెప్పారు?"

పరుపులావిడ తోడికోడల్ని నోరుముయ్యమన్నట్టు చూసింది. సంతకం మేడమ్ మాత్రం ఆ మాటని మూటగట్టుకుని వచ్చింది. నిజమే, చెప్పలేదు. ఒప్పందంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివి వినిపించాలని తనకెప్పుడూ తోచలేదు.

* * *

గడువుకి ముందురోజు ఆమె వదిన వార్డుకి వెళ్ళింది. అన్నేళ్ళుగా ఆ వార్డుకి మంచాలు, దుప్పట్లు, చక్రాల కుర్చీలు కొంటూనే ఉంది గానీ, వార్డులో కాలు పెట్టిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదీ గుమ్మం దాకానే. ఈ పరుపు నమూనా కూడా తన గదిలోనే బల్ల మీద పరిపించి, అరచేత్తో నొక్కి, బాగుందని సంతకం చేసింది.

మూల మంచం దగ్గర వదిన, ఒక ఆయా కలిసి పాత కవరు మారుస్తున్నారు. మంచం మీద బరువైన పెద్దాయన, పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. కవరు కాళ్ళ వైపు నుంచే లాగాలి. లాగాలంటే పరుపు మీద మనిషి ఉండకూడదు. చక్రాల మంచం మీదికి దించాలి, మళ్ళీ ఎక్కించాలి. సాయానికి రావాల్సిన మనిషి ఇంకెక్కడో ఉన్నాడు. వాళ్ళు ఎత్తబోయినప్పుడల్లా పెద్దాయన నోట్లోంచి మాట రాని చప్పుడొకటి వస్తోంది. ఆయన కళ్ళ చివర నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. వదిన ఆయనతో ఏదో చెప్తూనే ఉంది. "ఇదిగో అయిపోయింది నాన్నా, నీ పెళ్ళిలో నిన్నిలాగే ఎత్తుకుని తిప్పారా లేదా?" ఆయన ఏడుస్తూనే పెదవి ఒక పక్కకి వంచాడు. అది నవ్వే.

మరదలు గుమ్మంలో నిలబడి ఉండటం వదిన చూసింది.

"చూస్తూ నిలబడ్డావేం? భుజాల కింద చేతులు పెట్టు. ఇక్కడ నీకు అధికారం లేదు గానీ చేతులున్నాయిగా."

ఆమె బ్యాగు కింద పడేసి వెళ్ళి పట్టుకుంది. మనిషి ఒళ్ళు అంత బరువుగా, అంత వెచ్చగా ఉంటుందని ఆమె అనుకోలేదు. దించారు, కవరు లాగారు, తుడిచారు, కొత్తది తొడిగారు, మళ్ళీ ఎక్కించారు. అయ్యేసరికి ఆమె జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

"మూడు వైపులా తెరుచుకుంటే?" అంది ఆయాసపడుతూ.

"ఆయన్ని ఇటు ఒత్తిగిలిస్తాం, అటు సగం తీస్తాం. అటు ఒత్తిగిలిస్తాం, ఇటు సగం తీస్తాం. కిందికి దించక్కర్లేదు." వదిన చేతులు కడుక్కుంటూ అద్దంలో మరదలిని చూసింది. "ఇంత చిన్న మాట నీకు చెప్పాలని నాకు తోచలేదు. నువ్వు ఇంటి మనిషివి కదా, పనిగట్టుకుని చెప్పేదేముందనుకున్నాను. భోజనాల దగ్గర చెప్దామంటే గిన్నెలు."

"నేనూ అడగలేదు వదినా."

ఆమె బయటికొస్తూ తలుపు దగ్గర ఒక్క మాటంది. "ఆ పిల్ల కుట్టినవి కోసేస్తోంది. మీ పేరు చెప్పడం ఇష్టం లేక."

* * *

మర్నాడు పొద్దున్న ఆఫీసు బయట బల్ల మీద పరుపులావిడ కూర్చుని ఉంది, ఒళ్ళో కోసిన కవరు మడత పెట్టుకుని. ఆవిడ పక్కన, ఇస్త్రీ చెదరని తెల్లబట్టల్లో వదిన. మరదలి గదిలోకి తోసుకొచ్చే మనిషి, ఆరోజు పిలిచేదాకా ఆగింది.

ఇద్దరూ లోపలికొచ్చారు. వదిన నిలబడే ఒక కాగితం బల్ల మీద పెట్టింది. జిప్పు మార్చమని తానే చెప్పాననీ, అలా చెప్పే అధికారం తనకి లేదని తర్వాత తెలిసిందనీ, కుట్టినవాళ్ళ తప్పేమీ లేదనీ అందులో ఉంది. కింద, 'కానీ జిప్పు అలాగే ఉండాలి' అని ఒక వాక్యం విడిగా.

"సిస్టరమ్మా, ఎందుకమ్మా!" అంది పరుపులావిడ.

"నువ్వు ఊరుకో. ఇంతమంచి కుట్టుని బ్లేడు పెట్టి కోస్తావా? నిన్నెవరు కోయమన్నారు?"

"ఆర్డరు..."

"ఆర్డర్లు ఈవిడవి. తిట్లు నావి. రెండూ కలపకు."

సంతకం మేడమ్ ఆ కాగితం తీసుకుని పై అంతస్తులో ఆసుపత్రి పెద్దసారు గదికి వెళ్ళింది. హెడ్ నర్సు తనకి స్వయానా ఆడపడుచు అని మొదటి మాటగా చెప్పి, ఈ ఫైలు వేరేవాళ్ళు చూడటం మంచిదని అంది. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. టేపు బాబాయ్‌ని పిలిపించి, జిప్పు వల్ల పరుపుకి నష్టమేమైనా ఉందా అని అడిగాడు. "లేదండి, కొలవడం కాస్త కష్టం, అంతే" అన్నాడాయన.

"మార్పు ఒప్పుకోవచ్చని నేను రాస్తాను. కాంట్రాక్టులో పెట్టే సంతకం మాత్రం నీదే, అది నేను చేయలేను," అన్నాడు పెద్దసారు. "మెమో కూడా మామూలుగా నువ్వే ఇవ్వాలి. అది చేదుగానే ఉంటుంది. నన్ను ఇవ్వమంటావా?"

"నేనే ఇస్తాను సార్. వేరేవాళ్ళు ఇస్తే ఆవిడ ఇంకా బాధపడుతుంది."

గదికి తిరిగొచ్చి రెండు సంతకాలు చేసింది. ఒకటి జిప్పు మార్పు మీద. పరుపులావిడ అది చదవకుండానే కళ్ళకద్దుకోబోతే, "ముందు చదవమ్మా" అని కూర్చోబెట్టి, ఇక్కడ ఎవరి మాట వినాలో, ఎవరి మాట విని తన దగ్గరికి రావాలో వేలు పెట్టి చూపించి మరీ చెప్పింది. రెండోది మెమో మీద. దాని మీద పెన్ను ఒక క్షణం ఆగింది. తర్వాత కదిలింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన మెమో తీసి తమ్ముడికి చదివి వినిపించింది, నియమం సంగతి ఎవరూ ఎత్తలేదు. "భాష బాగుంది," అంది మడతపెడుతూ. "ఎక్కడా అనవసరపు మాట లేదు. ఒరేయ్, నువ్వేంటి ఆ చొక్కాతోనే తినడానికి కూర్చున్నావు? లే. కిటికీ కూడా ముయ్యి."

మాస్టారు లేచిన స్పీడు చూస్తే ఎవరో ఆయనకి జీతం పెంచారనుకోవాలి.

పెద్ద నర్సు కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది. ఆ వార్త వచ్చిన రోజు వదిన కాసేపు మేడ మీద ఒంటరిగా ఉండి, కిందికొచ్చి, "ఆ కుర్చీలో వీపు ఆనించడానికి లేదులే, నాకసలే నడుం నొప్పి" అంది. అంతకు మించి ఆ మాట మళ్ళీ రాలేదు. మరదలు ఆ మాట నమ్మలేదు, నమ్మినట్టు కూడా నటించలేదు. ఆవిడకిష్టమైన మూల కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేసింది.

పరుపులు వార్డుకి చేరిన రోజున పరుపులావిడ స్వయంగా వచ్చి ప్రతి జిప్పూ లాగి చూసింది. వదిన పెద్దాయన్ని ఒత్తిగిలించి కవరు సగం తీసి, మళ్ళీ అటు తిప్పి మిగతా సగం తీసింది. ఆయన ఈసారి చప్పుడు చేయలేదు. నిద్రలో ఉన్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"బాగుందే," అంది వదిన పరుపు అంచు నిమురుతూ. "చూడు పిల్లా, ఈ పక్కన గనక పట్టుకోడానికి ఒక..."

మాట సగంలో ఆపి, గుమ్మం వైపు చూసింది. మరదలు ఈసారి గుమ్మం దాటి లోపలే నిలబడి ఉంది.

"చెప్పొచ్చా?" అంది వదిన.

"నాకు చెప్పండి వదినా," అని ఆమె బ్యాగులోంచి పెన్ను తీసింది.